సైరను మాట వినని గడియారము

గోదావరిఖని కార్మికవాడ నుండి ఒక గృహిణి వ్రాసిన ఉత్తరము కొంతకాలముగా మా బల్లమీద నున్నది. ఉదయమున ప్రసారమగు మా కార్యక్రమములు ఆమెకు మిక్కిలి ఇష్టమట. కాని మూడు వారములకు ఒక వారము ఆమె రేడియో మీట ముట్టుటకు వీలులేదు. ఆ వారము భర్తకు బాయిలో రాత్రి షిఫ్టు. ఆయన ఇల్లు చేరి నడుము వాల్చు వేళయు, మేము గొంతు సవరించుకొను వేళయు ఒకటే. ఆ కార్యక్రమమునే మధ్యాహ్నము మరల వినిపింపరాదా యని ఆమె కోరిక.

ఉత్తరము అంతటితో ముగిసియుండినచో దానిని సంబంధించిన విభాగమునకు పంపి ఊరకుండెడివారము. కాని అడుగున, వేరు సిరాతో, మరి నాలుగు పంక్తులున్నవి. “ఆ వారమంత మా ఆయన మా ఆయన కాడు. పిలగాడు గిన్నె కింద పడేసినా మీదికొస్తడు. ఒకపాలి చెయ్యి గూడ లేపిండు. మళ్ల పగటి షిఫ్టు రాంగనె ఎప్పటి మనిషే. ఇది గుణమా సారూ, రోగమా?”

మేము వైద్యులము కాము. విశ్వవిద్యాలయమున చదివినది శాస్త్రమే యైనను, తరువాతి కాలమంతయు మైకు ముందే గడచినది. అయినను ఈ ప్రశ్నను ప్రక్కన పెట్టలేకపోతిమి. అందుకు సొంత కారణము కూడ ఒకటి కలదు. తెల్లవారుజాము ప్రసారమునకు నిద్రమొగముతో వచ్చి, మంగళవారమును బుధవారమని లోకమునకు చాటినవారిలో మేమును ఒకరము. అందుచేత కొన్ని గ్రంథములు తిరుగవేసి, తరువాత గోదావరిఖనికి పోయి రెండు దినములు తిరిగి వచ్చితిమి.

ఊరి పేరులోనే గని యున్నది. ఇల్లెందు ప్రాంతమున 1871లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును గుర్తించిన పిమ్మట తెలుగునాట ఈ పరిశ్రమ మొదలైనది. సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు 1920లో వచ్చినది. రామగుండము ప్రాంతమున త్రవ్వకము 1961లో ఆరంభమైనది. నాటినుండి ఈ గోదావరి ఒడ్డున రాత్రి యనునది పూర్తిగా రాత్రి కాలేదు. ఒక జట్టు బాయి దిగుచుండ నొక జట్టు ఎక్కివచ్చును. 1983 నుండి ప్రక్కనే థర్మల్ విద్యుత్కేంద్రము కూడ రాత్రింబవళ్లు వెలుగుచున్నది. గనిలో దిగినవానిచే దినమునకు ఎనిమిది గంటలకు మించి పని చేయింపరాదని 1952 నాటి గనుల చట్టము కట్టడి చేసెను. చట్టము ఎన్ని గంటలో లెక్కించినది గాని, ఏ గంటలో అడుగలేదు. ఆమె ప్రశ్నకు సమాధానము ఆ అడుగనిచోటనే యున్నది.

రెండు కన్నుల నుండి వెనుకకు పోవు దృష్టినాడులు మెదడు అడుగున నొకచోట నాలుగు బాటల కూడలివలె కలిసి దాటుకొనును. ఆ కూడలికి సరిగా పైన, ఆవగింజంతయైనను లేని రెండు కణముల ముద్దలు కలవు. మన శరీరమునకు గడియారము అవియే. 1972లో అమెరికాలోని రెండు పరిశోధనశాలలు ఎలుకల మెదడులో ఈ ముద్దలను తొలగించి చూడగా, ఆ ఎలుకల తిరుగాటమునకు, నీరు త్రాగుటకు వేళాపాళ లేకపోయెను.

ఈ గడియారమునకు ముల్లు లేదు, స్ప్రింగు లేదు. కణములోని ఒక జన్యువు ఒక మాంసకృత్తును తయారుచేయించును. అది కావలసినంత ప్రోగుపడగనే తిరిగివచ్చి తన్ను పుట్టించిన జన్యువు నోరే మూయించును. క్రమముగా అది కరగిపోగా జన్యువు మరల పని మొదలుపెట్టును. కుండ నిండగనే కవ్వము ప్రక్కన పెట్టి, మజ్జిగ ఖర్చయిన పిమ్మట మరల చిలుకు ఇల్లాలిని తలచుకొనిన చాలును. ఈ చక్రము ఒకసారి తిరిగివచ్చుటకు సుమారు ఒక దినము పట్టును. అరటిపండ్లపై ముసురు చిన్న ఈగలలో ఈ జన్యువును 1971లో కోనోప్కా, బెంజర్ గుర్తించిరి. దాని నడకను విప్పి చెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను.

మనిషిలో ఈ గడియారము సాధారణముగా 24 గంటల కంటె కొన్ని నిమిషములు నెమ్మది. దానిని దినదినము సరిచేయునది సూర్యకాంతి. మన కంటిలో చూపుతో ప్రధానముగా పనిలేక, వెలుగెంత యున్నదో కొలిచి ఈ ముద్దలకు కబురు చేయు కణములు కొన్ని ప్రత్యేకముగా నున్నవి. పగటి ఆకాశపు నీలికాంతి వానికి బాగుగా తగులును. సైరను కూతను అవి వినవు. హాజరు పుస్తకమును అవి చదువవు.

గని బయట ఒక పెద్దవయసు కార్మికుడు మాతో, “మొగులు కనపడనోనికి పొద్దేంది, రాత్రేంది సారూ” అనెను. మాట బాగున్నది. కాని భూగర్భమున దిగి ఈ విషయమునే పరీక్షించినవారున్నారు. వారి అనుభవము వేరుగా నున్నది. 1938లో నతానియేల్ క్లైట్‌మన్ అను షికాగో ఆచార్యుడు తన శిష్యుడు రిచర్డ్‌సన్‌తో కలిసి కెంటకీ రాష్ట్రపు మామత్ గుహలో 32 దినములు కాపురముండెను. సూర్యుడు లేడు గనుక, దినమునకు 28 గంటలని ఏర్పరచుకొని అట్లే నిద్రించుటకు, లేచుటకు ప్రయత్నించిరి. యువకుడైన శిష్యునకు కొంత అలవడినది. 43 ఏండ్ల గురువునకు ఎంతమాత్రమును అలవడలేదు. ఆయన శరీరపు వేడిమి పాత 24 గంటల లెక్కనే పట్టుకొని పెరుగుచు తరుగుచు నుండెను. దాదాపు ఆ వయసుననే యున్న మాకు ఈ వృత్తాంతము చదివినప్పుడు కొంత ఊరట కలిగినదని దాచక చెప్పెదము.

1962లో మిషెల్ సిఫ్ర్ అను ఫ్రెంచి యువకుడు ఆల్ప్స్ పర్వతములలోని ఒక మంచుగుహలో గడియారము లేకుండ రెండు నెలలుండెను. సెప్టెంబరు 14న పైనుండి మిత్రులు గడువు ముగిసినదని తెలుపగా, ఆయన లెక్కలో అది ఆగస్టు 20 మాత్రమే. మనస్సు ఇరువదియైదు దినములు పోగొట్టుకొన్నది. అయినను ఆయన నిద్రించి లేచిన వేళలు వ్రాసికొన్న పైవారు చూచుకొనగా, శరీరము సుమారు ఇరువదినాలుగున్నర గంటల కొకసారి తన దినమును తాను నడుపుకొనుచునే యున్నది. మొగులు కనబడనివానికి కూడ మెదడులో పొద్దు పొడుచును, క్రుంకును.

ఇక రాత్రి పదకొండు గంటల ప్రాంతమున బాయి దిగిన మనిషిని చూతము. అది షిఫ్టు మారిన మొదటి రాత్రి యనుకొందము. ఉదయము ఏడింటికి లేచినవాడు, పగలు ఇంటిపనులు చూచుకొన్నాడు, కన్ను మూయలేదు. అర్ధరాత్రికి మేలుకొని 17 గంటలైనది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరిని ఇట్లు మేలుకొలిపియుంచి చేతి నేర్పును కొలిచిరి. 17 గంటల మెలకువ తరువాత వారి చేయి, 100 మిల్లీలీటర్ల రక్తమున 50 మిల్లీగ్రాముల మద్యమున్నవాని చేతివలె తడబడెను. మనదేశమున వాహనము నడుపువానికి చట్టము అనుమతించునది 30 మిల్లీగ్రాములే. చుక్క ముట్టనివాడు, షిఫ్టులో ఇంకను ఏడు గంటలున్నవాడు, ఆ స్థితిలో డ్రిల్లు పట్టుకొనియో, ఓపెన్ కాస్టులో డంపరు చక్రము ముందో కూర్చుండియున్నాడు.

ఆ సమయమున తలలో జరుగునది రెండు విధములు. మొదటిది గడియారము పని. చీకటి పడగనే అది మెదడు నడుమనున్న పీనియల్ అను చిన్న గ్రంథిచే మెలటోనిన్ అను రసాయనమును విడిపించును. ఇది రాత్రి యని దేహమంతటికి వేయు చాటింపు అది. తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒంటి వేడిమి దినములోకెల్ల తక్కువగును, చురుకుదనము అడుగంటును. రెండవది మెలకువ మీద పెరుగు అప్పు. దీని కథలో మన తెలుగువాడొకడున్నాడు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కూడి, కండరములు శక్తిని నిలువచేసికొను ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించెను. కణములన్నిటికి శక్తి నాణెమువంటిదైన ఎటిపిని 1929లో వేరుచేసెను. ఆ యేడే జర్మనీలో లోమన్ విడిగా దానిని కనుగొనెను. ఆ నాణెము ఖర్చయినకొలది మిగులు చిల్లరలో అడినోసిన్ అను పదార్థమొకటి. మనము మేలుకొని మెదడును వాడుకొన్నకొలది అది నాడీకణముల నడుమ పేరుకొని, అవి మందగించునట్లు చేయును. కనురెప్పల బరువు అదియే.

అడినోసిన్ కూర్చుండవలసిన పీటపై ముందుగా పోయి కూర్చుండునది టీలోని కెఫీన్. అంతేగాని అది అడినోసిన్‌ను తొలగింపదు. అప్పు తీరదు, అప్పులవాడు తలుపు తట్టుట మాత్రము వినబడదు. క్యాంటీనులో వేకువన ఐదింటికి త్రాగిన టీలో సగము ప్రభావము పది గంటలకు కూడ రక్తములో నుండును. తొమ్మిదింటికి పడుకొన్నవాడు అటునిటు దొర్లుటకు గల కారణములలో నది యొకటి. టీ త్రాగవలదని చెప్పుటకు మాకు నోరు రాదు, త్రాగినచో షిఫ్టు మొదటి సగమున త్రాగుట మేలని మాత్రము చెప్పెదము.

ఏడింటికి పైకి వచ్చినవానికి ఎదురుగా సూర్యుడుండును. మెదడులోని గడియారమునకు ఆ వెలుగే తెల్లవారినదను ముద్ర. ఎనిమిది గంటలు ఒళ్లు విరుచుకొన్న మనిషి ఇంటికి నడచుచుండ, ఆ కణములు పని మొదలుపెట్టవలసిన వేళ అయినదని నిర్ణయించుకొనును. కార్టిసాల్ అను ఉత్తేజక రసము ఆ ఉదయపు పొద్దులోనే హెచ్చియుండును, ఒంటి వేడిమి ఎక్కుచుండును. అట్టి శరీరమును పడుకోబెట్టుట పొంగుచున్న పాలపై మూత పెట్టుట వంటిది. నిద్ర వచ్చినను నాలుగైదు గంటలకే తెగును. దీనికి తోడు రామగుండపు ఎండలు. వేసవిలో వాతావరణ వార్తలు చదువు మాకు ఆ ఊరి పేరు నోటికి బాగుగా అలవాటైనది. నిద్ర పట్టుటకు ఒళ్లు కొంచెము చల్లబడవలెను. రేకులకప్పు క్రింద మే నెల మధ్యాహ్నము అది ఎట్లు సాధ్యము?

ఇట్లు ఆరు దినములు గడచిన మెదడున కోపము సంగతి యేమి? ఇక్కడ మెదడు నిర్మాణమును గూర్చి ఒక పాతకథ చెప్పవలెను. 1848 సెప్టెంబరులో అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున రైలుబాట కొరకు బండలు పేల్చు ఫినియాస్ గేజ్ అను మేస్త్రీ రంధ్రములో మందు కూరుచుండగా అది ప్రేలి, చేతిలోని మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ చెంప క్రిందుగా దూరి తలపైనుండి వెడలిపోయెను. ఆశ్చర్యమేమనగా అతడు బ్రతికెను, మాటలాడెను, నడచెను. కాని నెమ్మదస్థుడని పేరుపొందినవాడు దుందుడుకువాడై, నోటికి అదుపులేనివాడై, పాత కొలువునకు పనికిరాకపోయెనని అతనికి చికిత్స చేసిన హార్లో అను వైద్యుడు వ్రాసెను. ఆ తరువాతి యేండ్లలో అతడు చాలవరకు కుదుటపడి గుఱ్ఱపుబండ్లు తోలుకొని జీవించెనని కూడ తెలియుచున్నది. కడ్డీ చీల్చుకొనిపోయినది నొసటి వెనుకనున్న మెదడు భాగమును. (బొగ్గుబాయిలలో మందు కూరుటకు ఇనుము వాడరాదు, కర్రనే వాడవలెనను నియమము షాట్‌ఫైరరులకు తెలిసినదే.)

నొసటి వెనుకనున్న ఆ భాగము ఇంటిపెద్ద వంటిది. చెవుల లోపలి ప్రక్కగా, బాదంపప్పు ఆకారమున, భయమునకు కోపమునకు చప్పున లేచు మరొక భాగము కలదు. గిన్నె పడిన చప్పుడునకు ముందు ఉలికిపడునది ఈ బాదంపప్పు. ‘గిన్నె యే గదా, పిల్లవాడే గదా’ యని దానిని కూర్చుండబెట్టునది ఇంటిపెద్ద. ఒక రాత్రి నిద్ర లేకుండ చేసిన యువకుల మెదళ్లను యంత్రముతో చూచిన పరిశోధన ఒకటి 2007లో ప్రచురితమైనది. అప్రియమైన బొమ్మలు చూపగా వారిలో బాదంపప్పు భాగము నిద్రించినవారిలో కంటె మిక్కిలి రేగెను. నొసటి భాగముతో దానికుండు సంబంధము సడలియుండెను. కడ్డీ గేజ్‌కు గాయము చేసినచోటనే, గాయమేమియు లేకుండ, నిద్రలేమి కొన్నాళ్లు పట్టు సడలించుచున్నదన్నమాట. కంటినిండ నిద్రపోయినచో ఆ పట్టు మరల వచ్చును. పగటి షిఫ్టు రాగానే ఎప్పటి మనిషే యని ఆ ఇల్లాలు వ్రాసినది ఈ మాటయే.

అమ్మా, మీరు అడిగినదానికి మాకు తోచిన సమాధానమిది. గుణమని చెప్పలేము, ఏలయనగా మూడు వారములకు రెండు వారములు అది లేదు. రోగమనియు చెప్పలేము, ఆ వేళలలో ఎవరి మెదడైనను అట్లే చేయును. అయితే ఇంకొక మాట మీ ఆయనకు చెప్పవలసియున్నది. కోపము ఎందుకు వచ్చుచున్నదో తెలిసినంత మాత్రమున చేయి లేపుటకు సబబు దొరకినట్లు కాదు. బాయిలో గాలి చెడినదని తెలిసినవాడు అక్కడ నిప్పు గీయడు. తన తలలో ఇంటిపెద్ద పట్టు సడలిన వారమేదో ముందుగా తెలిసినవాడు ఆ వారము మరింత జాగ్రత్తగా నుండవలెను, పిల్లవాని ముందు నుండి లేచి అవతలికి పోవలెను. కొట్టుట ఆ వారముతో ఆగనిచో, దానికి నిద్రను నిందింపరాదు.

సారా విషయము కూడ చెప్పక తప్పదు. ఉదయమున రెండు గుక్కలు పడినగాని నిద్రపట్టదని చెప్పినవారు మాకు అక్కడ కనబడిరి. మద్యము మెదడును అణచు రసాయనమునకు బలమిచ్చి త్వరగా పడవేయుట నిజమే. కాని రెండు మూడు గంటలలో అది దిగిపోవుచుండగా నిద్ర ముక్కలగును. అసలే నాలుగు గంటల నిద్రలో రెండు గంటలు అమ్ముకొనుట యిది.

షిఫ్టుల వరుస నిర్ణయించువారికిని ఈ శాస్త్రమున పని కలదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున ఉప్పుసరస్సు నుండి ఖనిజములు తీయు కర్మాగారమున కార్మికులకు వారమునకొకసారి షిఫ్టు మారుచుండెడిది, అదియును వెనుకకు, అనగా రాత్రి నుండి సాయంకాలమునకు, సాయంకాలము నుండి ఉదయమునకు. మన గడియారము సహజముగా నెమ్మది గనుక, ఆలస్యముగా నిద్రించుట దానికి తేలిక, ముందుగా నిద్రించుట కష్టము. అందుచేత షిఫ్టులను ముందుకు, అనగా ఉదయము, సాయంకాలము, రాత్రి యను వరుసలో, మూడు వారములకొకసారి మార్చి చూచిరి. కార్మికుల ఆరోగ్యము, సంతృప్తి పెరిగినవి, ఉత్పత్తియు పెరిగినది. 1982లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. యాజమాన్యముల వారును, సంఘముల వారును బోనసు లెక్కలు మాటలాడు బల్లమీద ఈ వరుస కూడ ఉండదగినదని మా అభిప్రాయము.

ఇంటిలో చేయదగినవి చిన్నవి. బాయి నుండి వచ్చుదారిలో నల్లకళ్లద్దములు, దారి చూపునకు ఇబ్బంది లేనంతవరకు. సైకిలు మోటారు నడుపువాడు నిద్రమత్తులో నున్నచో అద్దములకన్న ముందు బండినే మానవలెను. పడకగది కిటికీకి దట్టమైన దుప్పటి. సెల్‌ఫోను వేరే గదిలో. షిఫ్టు మారు మొదటి దినమున మధ్యాహ్నము ఒక గంటన్నర కునుకు, పదిహేడు గంటల లెక్కను అది విరుగగొట్టును. అప్పులు, పెండ్లి సంబంధములు, పిల్లల మార్కులు మొదలగు వ్యవహారములు ఉదయము ఎనిమిదింటికి ఎత్తక, నిద్రలేచి స్నానము చేసిన పిమ్మట సాయంకాలము. వీధిలోని పిల్లలకు ఒక చెట్టునీడ చూపినచో, పక్కింటివాని నిద్ర కూడ దక్కును.

ఇక ఆ ఉత్తరములోని మొదటి కోరిక. అది మా చేతిలోనిదే గనుక నెరవేర్చుచున్నాము. వచ్చు సోమవారము నుండి ఉదయపు కార్యక్రమము మధ్యాహ్నము 3.30 గంటలకు మరల ప్రసారమగును. ఉదయము వినువారిలో ఎవరి ఇంటనైనను రాత్రి షిఫ్టు చేసి వచ్చినవారు పడుకొనియున్నచో, మీట ఎడమవైపునకు త్రిప్పి కట్టివేయుడు. మేము ఏమియు అనుకొనము.